చెయ్యి మనవాడిదైతే?

(బి.ఎస్సీ. ద్వితీయ సంవత్సరం విద్యార్థి)

"ఆలు లేదు, చూలు లేదు, కొడుకు పేరు సోమలింగం" అన్నారు పెద్దలు. ఆ సామెత పుట్టించిన మహానుభావుడు ఫుట్‌బాల్ చూశాడో లేదో గాని, కప్పు మొదలయ్యే రోజుల్లో కాగజ్‌నగర్‌లో మేం కూర్చునే చాయ్ హోటల్‌కు ఒక్కసారి వచ్చి ఉంటే చాలా సంతోషించేవాడు. జట్లు ఇంకా విమానం ఎక్కవు. మనవాళ్ళు మాత్రం అప్పటికే ఫైనల్ ఆడించేసి, కప్పు చేతికిచ్చేసి, ఓడినవాడి కన్నీళ్ళు కూడా తుడిచేసి ఉంటారు!

నేనూ ఆ గుంపులో ఒకణ్ణే. కాబట్టి ఇది ఇతరులకు చెప్పే నీతిబోధ అని పాఠక మిత్రులు అపార్థం చేసుకోవద్దు. ముందు నా వీపు నేను చరుచుకుంటున్నాను. ఆ తర్వాతే మీ దగ్గరికి వస్తాను.

2022 డిసెంబరులో నేను ఇంటర్ చదువుతున్నాను. ఖతార్‌లో ప్రపంచకప్పు జరుగుతోంది. చాయ్ హోటల్‌లో ఒక బెంచీ మీద బ్రెజిల్, ఎదురు బెంచీ మీద అర్జెంటీనా, మధ్యలో మిర్చి బజ్జీల ప్లేటు. షిఫ్టు దిగి వచ్చిన మిల్లు కార్మికులు ఎవరు గట్టిగా అరిస్తే వాళ్ళ పక్షం. నేను బ్రెజిల్ బెంచీ. నజ్రుల్‌నగర్ నుంచి వచ్చే నా మిత్రుడు అర్జెంటీనా. మన మండలంలో నజ్రుల్‌నగర్ అంటే తూర్పు బెంగాల్ నుంచి వచ్చిన శరణార్థి కుటుంబాలు స్థిరపడిన చోటని అందరికీ తెలిసిందే. వాళ్ళ ఇళ్ళల్లో చేపల కూర ఎంత సహజమో ఫుట్‌బాల్ కూడా అంతే సహజం.

ఆనాడు మాట మాట పెరిగి మారడోనా దగ్గరికి వచ్చింది. 1986 జూన్ 22న, మెక్సికో నగరంలో, ఇంగ్లండు మీద క్వార్టర్ ఫైనల్‌లో అతను చేత్తో కొట్టిన గోల్ సంగతి. నేను బెంచీ మీద గుద్ది, "దొంగ గోల్ కొట్టినోణ్ణి దేవుడంటరా? సిగ్గుండాలె!" అన్నాను. అర్జెంటీనా బెంచీ అంతా లేచింది. నజ్రుల్‌నగర్ మిత్రుడు మాత్రం లేవలేదు. గ్లాసు కింద పెట్టి నెమ్మదిగా, "ఈ ముచ్చట నువ్వు మాట్లాడకురా" అన్నాడు.

నా నోరు పడిపోయింది. ఎందుకో చివర చెబుతాను.

ముందు జోస్యాల సంగతి చూద్దాం.

అదే ప్రపంచకప్పులో నవంబరు 22న అర్జెంటీనా సౌదీ అరేబియాతో ఆడింది. అంతకుముందు వరుసగా 36 మ్యాచుల్లో ఓటమి ఎరుగని జట్టది. పదో నిమిషంలో మెస్సీ పెనాల్టీ గోల్ కొట్టగానే మా చాయ్ హోటల్‌లో లెక్కలు మొదలైనాయి. నాలుగా, అయిదా? విరామం తర్వాత అయిదు నిమిషాల తేడాతో సౌదీవాళ్ళు రెండు గోల్స్ కొట్టారు. ఆట 2–1తో ముగిసింది. ఆ సాయంత్రమే రెండో జోస్యం బయలుదేరింది: "అర్జెంటీనా పని అయిపోయింది, ఇక మూటాముల్లె సర్దుకోవాల్సిందే." నాలుగు వారాలు తిరగకుండానే, డిసెంబరు 18న, అదే లుసైల్ మైదానంలో అదే అర్జెంటీనా ఫ్రాన్సుతో 3–3 సమానంగా ఆడి, పెనాల్టీలలో 4–2తో కప్పు ఎత్తుకుంది. మొదటి జోస్యం చెప్పినవాళ్ళూ, రెండో జోస్యం చెప్పినవాళ్ళూ ఆ రాత్రి ఒకే మాట అన్నారు: "నేను ముందే చెప్పలేదా?"

సైన్సు విద్యార్థిగా నాకు తోచింది ఒకటి చెబుతాను. కబడ్డీలో ముప్పై నలభై పాయింట్లు వస్తాయి. ఒకటి రెండు పొరపాట్లు జరిగినా చివరికి బలమైన జట్టే పైకి తేలుతుంది. ఫుట్‌బాల్‌లో తొంభై నిమిషాలకు ఒకటో రెండో గోల్స్. కర్రకు తగిలి బయటికి పోయిన ఒక్క బంతి, మోగని ఒక్క విజిలు, జారిన ఒక్క కాలు, అంతే, లెక్క తలకిందులు. అందుకే ఈ ఆటలో జోస్యం కష్టం. అందుకే ఈ ఆట ఇంత అందం!

2010లో జర్మనీలోని ఒక అక్వేరియంలో పాల్ అనే ఆక్టోపస్ ఎనిమిది మ్యాచులకు ఎనిమిదీ సరిగ్గా చెప్పిందని లోకమంతా మోగిపోయింది. ఒక నాణేన్ని ఎనిమిది సార్లు ఎగరేసి ఎనిమిది సార్లూ సరిగ్గా చెప్పే అవకాశం 256లో ఒకటి. అరుదే, కాని అద్భుతం కాదు. చిలుకలనూ, ఏనుగులనూ, పందులనూ అడిగినవాళ్ళు ఎందరో ఉంటారు. తప్పు చెప్పిన చిలుకను ఎవరు గుర్తు పెట్టుకున్నారు? మన చాయ్ హోటల్ జోస్యులదీ ఇదే బాపతు. తప్పిన తొమ్మిది మరిచిపోతాం, నిజమైన ఒకదాన్ని జీవితాంతం చెప్పుకుంటాం.

మాది వ్యవసాయ కుటుంబం. మా బాపు ప్రతి ఏడూ మృగశిర కార్తెలో ఆకాశం చూసి, "ఈసారి వాన మంచిగ పడ్తది" అంటాడు. పత్తి విత్తనాలు పెడతాడు. ఒకసారి వాన పడుతుంది, ఒకసారి మొలకలు ఎండి మళ్ళీ విత్తనాలు కొనాల్సి వస్తుంది. ఒకసారి అన్నీ బాగుండి, కాయ పగిలే వేళకు గులాబీ రంగు పురుగు దిగుతుంది. అదీ జోస్యమే. కాని ఆ జోస్యం మీద ఆయన తన ఏడాది కష్టాన్ని పెట్టాడు. తప్పితే పక్క చేనువాణ్ణి తిట్టడు. "నేను అనుకున్నది కాలే" అని ఒప్పుకుని మళ్ళీ నాగలి పడతాడు.

మన ఊరి మిల్లు సంగతే తీసుకోండి. 2014లో సిర్పూర్ పేపర్ మిల్లు మూతపడ్డప్పుడు, ఇక అది తెరుచుకోదని ఘంటాపథంగా చెప్పినవాళ్ళు ఎందరు లేరు? నేను అప్పుడు చిన్నపిల్లవాణ్ణి. 2018లో మిల్లు మళ్ళీ తెరుచుకుంది. ఆ జోస్యం తప్పినందుకు ఈ ఊళ్ళో బాధపడ్డవాడు ఒక్కడూ లేడు. తప్పడమే మంచిదైన జోస్యాలూ ఉంటాయన్నమాట.

కాబట్టి జోస్యం చెప్పడం తప్పని నేననను. చాయ్ పందెం, బజ్జీల పందెం వరకు అదొక సరదా. అది దాటి ఫోన్లో డబ్బు పెట్టి ఆడే పందేలను 2017లోనే మన తెలంగాణ ప్రభుత్వం చట్టం చేసి నిషేధించింది. అయినా పుస్తకాలకని ఇంటినుంచి తెచ్చుకున్న డబ్బు ఒక్క రాత్రిలో పోగొట్టుకుని, పరీక్షల దాకా జిరాక్సు కాగితాలతో చదువుకున్న మిత్రుణ్ణి నేనెరుగుదును. అతను ఓడింది ఏ దేశం మీదా కాదు, తన తండ్రి చెమట మీద.

నా అసలు ఫిర్యాదు మరొకటి. ఎవరు గెలవాలో ముందే తీర్మానించుకున్నవాడి కంటికి ఆ తర్వాత తప్పొప్పులు కనబడవు. జోస్యం మన పరువుగా మారిపోతుంది. ఇక ఆ పరువును కాపాడే తప్పు తప్పు కాదు, తెలివి! దాన్ని చెడగొట్టే తప్పు మాత్రం ఘోరం, ద్రోహం!

ఉదాహరణలు కావాలా? 2010 జూలై 2న దక్షిణాఫ్రికాలో ఉరుగ్వే, ఘనా క్వార్టర్ ఫైనల్ ఆడాయి. అదనపు సమయం చివరి నిమిషంలో గోల్‌లోకి పోతున్న బంతిని ఉరుగ్వే ఆటగాడు సువారెజ్ గీత మీద నిలబడి చేతులతో ఆపాడు. రిఫరీ ఎర్రకార్డు చూపాడు. ఘనాకు పెనాల్టీ దొరికింది. గ్యాన్ కొట్టిన బంతి పై కర్రకు తగిలి ఎగిరిపోయింది. తర్వాత పెనాల్టీలలో ఉరుగ్వే 4–2తో గెలిచింది. ఉరుగ్వే అభిమానికి సువారెజ్ త్యాగమూర్తి. ఘనా అభిమానికి దొంగ. చెయ్యి ఒకటే. చూసే కళ్ళే వేరు.

2006 జూలై 9, బెర్లిన్. ప్రపంచకప్పు ఫైనల్లో జిదాన్ మాటెరాజీ రొమ్ము మీద తలతో పొడిచాడు. ఫ్రాన్సు పక్షంవాడు, "ముందు వాడు ఏమన్నడో అడుగు" అంటాడు. ఇటలీ పక్షంవాడు, "ఏమన్నా సరే, తలతో పొడవొచ్చా?" అంటాడు. పేర్లు తారుమారు చేసి చూడండి. వాదనలు కూడా తారుమారవుతాయి. నేను పందెం కాస్తాను, ఒక్క చాయ్ మాత్రమే!

నా అభిప్రాయం ఇది. సువారెజ్ తప్పుకూ మారడోనా తప్పుకూ తేడా ఉంది. సువారెజ్ అందరి కళ్ళముందు చేశాడు, శిక్ష అక్కడే అనుభవించాడు, సెమీ ఫైనల్ ఆడలేకపోయాడు. మారడోనా చెయ్యి రిఫరీకి కనబడలేదు. కనబడని తప్పును ఆటగాడు ఒప్పుకుంటే తప్ప మైదానంలో ఆనాడు వేరే దారి లేదు. అతను ఒప్పుకోలేదు. నాలుగు నిమిషాల తర్వాత అదే మారడోనా సగం మైదానం నుంచి ఇంగ్లండు ఆటగాళ్ళను దాటుకుంటూ కొట్టిన రెండో గోల్ మాత్రం ఎవరూ కాదనలేనిది. ఒకే మనిషి, ఒకే ఆట, రెండు గోల్స్. ఒకదాన్ని మెచ్చుకోవడానికి రెండోదాన్ని దాచాల్సిన అవసరం ఏముంది?

ఒప్పుకున్నవాళ్ళు లేరా అంటే, ఉన్నారు. 1997లో లివర్‌పూల్ ఆటగాడు రాబీ ఫౌలర్, ఆర్సెనల్ గోల్‌కీపర్ తనను తాకలేదు, పెనాల్టీ వద్దని రిఫరీకి చెప్పాడు. రిఫరీ వినలేదు, అది వేరే సంగతి. 2012లో ఇటలీలో లాజియో జట్టుకు ఆడుతున్న జర్మన్ ఆటగాడు క్లోజె, నాపోలీ మీద తన గోల్ చేతికి తగిలి వెళ్ళిందని తానే రిఫరీకి చెప్పి రద్దు చేయించాడు. 2000 డిసెంబరులో వెస్ట్‌హామ్ ఆటగాడు డి కానియో, ఎవర్టన్ గోల్‌కీపర్ గాయపడి నేలమీద పడి ఉంటే, ఎదురుగా గోల్ ఖాళీగా ఉన్నా, వస్తున్న బంతిని చేతులతో పట్టుకుని ఆట ఆపాడు. ఈ డి కానియో ఎవరనుకున్నారు? 1998లో రిఫరీని నెట్టి కింద పడేసి 11 మ్యాచుల నిషేధం అనుభవించినవాడే! మనిషి ఒకసారి తప్పు చేస్తే జీవితాంతం తప్పుడువాడు కాదు. ఒకసారి మంచి చేస్తే జీవితాంతం మహాత్ముడూ కాదు. ప్రతి ఆటకూ పరీక్ష కొత్తగా రాయాల్సిందే.

ఇప్పుడు పరదేశం వదిలి మన ఇంటికి వద్దాం. మెస్సీ పుట్టినరోజు చెప్పగల మన మిత్రుల్లో ఎందరికి ఎస్.ఎ. రహీం పేరు తెలుసు? 2024లో 'మైదాన్' సినిమా వచ్చాక కొందరికి తెలిసింది. హైదరాబాదులో బడిపంతులుగా పనిచేసిన ఈయన శిక్షణలో హైదరాబాద్ సిటీ పోలీసు జట్టు 1950 నుంచి 1954 దాకా వరుసగా అయిదేళ్ళు రోవర్స్ కప్పు గెలిచింది. 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో ఆయన శిక్షణలోని భారత జట్టు నాలుగో స్థానంలో నిలిచింది.

1962 జకార్తా ఆసియా క్రీడల్లో భారత్ మొదటి మ్యాచే దక్షిణ కొరియా చేతిలో 0–2తో ఓడింది. ఆనాడు మన చాయ్ హోటల్ ఉండి ఉంటే ఏమనేవాళ్ళం? "పని అయిపోయింది!" సెప్టెంబరు 4న ఫైనల్లో మళ్ళీ అదే దక్షిణ కొరియా. వివాదాల వల్ల మైదానమంతా మనవాళ్ళకు వ్యతిరేకం. తలకు కుట్లున్న జర్నైల్ సింగ్‌ను రహీం సాబ్ ముందుకు పంపి ఆడించారు. అతను ఒక గోల్, పి.కె. బెనర్జీ ఒక గోల్. భారత్ 2–1తో స్వర్ణం గెలిచింది. ఆ జట్టులో మన సికింద్రాబాదు తులసీదాస్ బలరాం ఉన్నాడు, హైదరాబాదు యూసుఫ్ ఖాన్ ఉన్నాడు. తొమ్మిది నెలలకే, 1963 జూన్‌లో, రహీం సాబ్ కన్నుమూశారు.

అంత మంది ఎగతాళి చేస్తున్న ఆ మైదానంలో మనవాళ్ళ కోసం చప్పట్లు కొట్టినవాళ్ళు పాకిస్తాన్ హాకీ ఆటగాళ్ళని చెబుతారు. క్రీడాస్ఫూర్తి ఆటగాడికే కాదు, చూసేవాడికీ ఉండాలనడానికి ఇంతకంటే వేరే సాక్ష్యం కావాలా?

ఇక నేను వాయిదా వేసిన సంగతి.

2022 దసరా సెలవుల్లో మా ఊరి జట్టుకూ నజ్రుల్‌నగర్ పిల్లల జట్టుకూ ఆట జరిగింది. నేను గోల్‌కీపర్‌ని. వెదురు బొంగులు పాతిన గోల్. వల లేదు. గీత సున్నంతో గీసింది, సగం చెరిగిపోయింది. మేం 1–0తో ముందున్నాం. చివరి నిమిషాల్లో వాళ్ళవాడు కొట్టిన బంతి నా చేతులకు తగిలి వెనక్కి దొర్లింది. నేను దాన్ని లాక్కున్నాను. అప్పటికే బంతి గీత దాటి జానెడు లోపలికి పోయింది. వల ఉంటే అందులో పడేదే.

రిఫరీగా ఉన్న పెద్దాయన మిల్లులో పనిచేసి రిటైరైనవాడు. కళ్ళజోడు సర్దుకుంటూ నా దగ్గరికి వచ్చాడు. "బిడ్డా, నిజం చెప్పు. లోపలికి పోయిందా?" మావాళ్ళంతా "పోలే, పోలే" అని అరుస్తున్నారు.

"పోలే కాకా" అన్నాను.

గెలిచాం. చిన్న కప్పు ఇచ్చారు. దాన్ని తెచ్చి ఇంట్లో దంతెమీద పెట్టాను. రాత్రి అన్నం తింటూ నవ్వుకుంటూ బాపుకు చెప్పాను, కాకను ఎట్ల బురిడీ కొట్టించిన్నో అని. బాపుకు ఫుట్‌బాల్ తెలియదు.

"గీత దాటిందా, దాటలేదా?" అన్నాడు.

"దాటింది. కాక చూడలే."

"కాక చూడలే. నువ్వు చూసినవ్ గదా."

కొంచెంసేపు ఆగి మళ్ళీ అన్నాడు: "గెట్టు జానెడు జరుపుకుంటే మనకేం పండుతదిరా? నాలుగు పత్తి చెట్లు. కని పక్కోడు పొద్దున లేచి చూసినప్పుడల్లా మనల్ని దొంగ అనుకుంటడు. నువ్వు గెట్టు జరిపినవ్."

అంతే. ఇంకేమీ అనలేదు. చెయ్యి కడుక్కుని లేచాడు.

రెండు నెలల తర్వాత చాయ్ హోటల్‌లో మారడోనాను దొంగ అని నేను అరుస్తుంటే, "నువ్వు మాట్లాడకురా" అన్న నజ్రుల్‌నగర్ మిత్రుడు ఆనాడు ఆ బంతి కొట్టినవాడే.

సోదర విద్యార్థులారా! వల లేని గోల్‌కు నేనొక్కణ్ణే సాక్షిని. 2010 ప్రపంచకప్పులో ఇంగ్లండు ఆటగాడు లాంపార్డ్ కొట్టిన బంతి గీత దాటింది. రిఫరీ చూడలేదు. జర్మనీ గోల్‌కీపర్ న్యూయర్ ఏమీ జరగనట్టు బంతి అందుకుని ఆట సాగించాడు. ఆ తర్వాత తానే ఆ సంగతి చెప్పాడు కూడా. ఆ గోల్ ఇచ్చి ఉంటే స్కోరు 2–2 అయ్యేది. 2014 ప్రపంచకప్పుకల్లా గీత దాటిన బంతిని పసిగట్టే యంత్రాలు పెట్టారు. 2018కి వీడియో రిఫరీలు వచ్చారు. విజ్ఞానశాస్త్రం చదివేవాడిగా నాకది సంతోషమే. కాని మా ఊరి చెలకల్లోకి ఆ యంత్రాలు ఎప్పుడు రావాలి? వచ్చేదాకా ఒక్కటే యంత్రం, గోల్‌కీపర్ నోరు.

అందుకని మన విద్యార్థి సంఘానికి మూడు మనవులు చేసుకుంటున్నాను. ఒకటి, మన ఆటస్థలంలో గోల్ కర్రలకు వలలు కట్టించండి. అదేమీ కోట్ల ఖర్చు కాదు. రెండు, తరగతుల మధ్య పోటీలప్పుడు జోస్యాలు చెప్పేవాళ్ళంతా కాగితం మీద రాసి, పేరు పెట్టి, ఒక డబ్బాలో వేయాలి. ఆట అయ్యాక అందరి ముందు తెరవాలి. తప్పినవాడు చాయ్ పోయించాలి. డబ్బు మాటే ఉండకూడదు. "నేను ముందే చెప్పలేదా?" అనే రోగానికి ఇది మంచి మందు. మూడు, గెలిచినవాళ్ళ కప్పుతోపాటు ఇంకొక కప్పు పెట్టండి. ఏ ఆటగాడు నిజాయితీగా ఆడాడో అతని జట్టువాళ్ళు కాదు, ఎదుటి జట్టువాళ్ళు చెప్పాలి.

ఇంత చెప్పి నేను ఊరుకుంటే న్యాయం కాదు. పోయిన నెల నజ్రుల్‌నగర్ మిత్రుణ్ణి, ఇప్పుడు మన కాలేజీలోనే చదువుతున్నాడు, కలిసి ఆ సంగతి ఎత్తాను. "ఆ రోజు బంతి లోపలికి పోయింది" అన్నాను.

"నాకెరుకే. కొట్టింది నేనే కద" అన్నాడు.

"మరి మూడేళ్ళ సంది ఎందుకు అడగలే?"

"నువ్వు ఎప్పుడు చెప్తవో చూద్దామని."

ఇద్దరం చాయ్ తాగాం. డబ్బులు నేనే ఇచ్చాను. రిఫరీ కాక ఇంటికి కూడా పోవాలని ఉంది. ఇంకా పోలేదు. ఈ సంచిక అచ్చయ్యాక ఒక ప్రతి పట్టుకుని పోతాను. ఎదురుగా నిలబడి చెప్పే ధైర్యం చాలకపోతే ఈ పేజీ తెరిచి ఇస్తాను.

ఆనాటి ఆట 1–0 కాదు. 1–1. దయచేసి దిద్దుకోగలరు.